పెద్ద రోడ్లకు మున్సిపాలిటీలు డబ్బు ఎక్కడి నుంచి తెస్తాయి?

వీధిమలుపు

మా ప్రధాన రహదారిని వెడల్పు చేసి, మధ్యలో బస్సులకు ప్రత్యేక దారి వేయాలని కౌన్సిల్ తీర్మానం చేసింది. డబ్బు ఎక్కడిదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. బాండ్లు అమ్ముతాం, జనం మీద భారం పడదని ఒకరు. పైనుంచి గ్రాంటు వస్తుందని ఒకరు. రోడ్డు పక్క స్థలాల వాళ్ల దగ్గర వసూలు చేస్తామని ఇంకొకరు. త్వరలో ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. వెళ్లి నాలుగు మంచి ప్రశ్నలు అడగాలని ఉంది కానీ ఈ లెక్కలు ఎలా నడుస్తాయో తెలియడం లేదు. మున్సిపల్ పనుల్లో అనుభవం ఉన్నవాళ్లు కాస్త విడమరిచి చెప్పగలరా?

వడ్డీలెక్క

ముందు ఒక విషయం తేల్చుకుందాం. బాండ్లు ఆదాయం కాదండి, అప్పు. ఈరోజు ఒక్కసారిగా డబ్బు చేతికొస్తుంది, ఇరవై ఏళ్లో పాతికేళ్లో వడ్డీతో కట్టాలి. కాబట్టి "బాండ్లు అమ్ముతున్నాం, భారం లేదు" అనే మాటకు అర్థం లేదు. అప్పు ఏ ఆదాయంతో తీరుస్తారన్నదే అసలు ప్రశ్న. ఎన్ని పేర్లు పెట్టినా చివరికి కట్టేది ముగ్గురిలో ఒకరు: ఆ రోడ్డు వాడేవాళ్లు, ఆ రోడ్డు వల్ల స్థలం విలువ పెరిగినవాళ్లు, లేదా మొత్తం పన్ను కట్టే జనం. గ్రాంటు కూడా మూడోదే, కాకపోతే ఇంకా పెద్ద జనాభా మీద పంచుతారు.

బాండ్లలోనూ తేడా ఉంది. కొన్నిటికి మున్సిపాలిటీ మొత్తం పన్నుల ఆదాయం హామీగా ఉంటుంది. టోల్ వసూళ్లు తగ్గినా, ఏం జరిగినా ఖజానా నుంచి కట్టాల్సిందే. కొన్నిటికి ఒకే ఆదాయాన్ని హామీగా రాస్తారు: ఫలానా టోల్, ఫలానా పన్ను. ఆ డబ్బు నేరుగా ఎస్క్రో ఖాతాలో, అంటే అప్పు తీర్చడానికే విడిగా పెట్టిన ఖాతాలో పడుతుంది, ముందు వాయిదా పోయాకే మిగతాది మున్సిపాలిటీకి వస్తుంది. ఈ రెండో రకంలో రిస్కు అప్పిచ్చినవాడిది కాబట్టి వడ్డీ ఎక్కువ అడుగుతాడు. మీ బాండ్లు ఏ రకమో ముందు కనుక్కోండి.

రోడ్డింజినీరు

వడ్డీలెక్క గారు చెప్పినదానికి నేను ఒకటి కలుపుతాను. మున్సిపల్ ఇంజినీరింగ్‌లోనే రిటైరయ్యాను, ఇది నా కళ్ల ముందు జరిగిన సంగతి. అప్పు కాలం కట్టిన వస్తువు ఆయుష్షును మించకూడదు. వంతెన, కల్వర్టు, పెద్ద డ్రెయిన్ తరాల తరబడి నిలుస్తాయి. వాటికి పాతికేళ్ల అప్పు తీసుకోవడం న్యాయమే, రేపు వాడేవాళ్లు కూడా తమ వంతు కడతారు. కానీ పైన వేసే తారు పొర పదేళ్లకు అటూ ఇటూగా మళ్లీ వేయాల్సి వస్తుంది. దానికి పాతికేళ్ల అప్పు చేస్తే, లేని తారుకు పదిహేనేళ్లు వాయిదాలు కడుతూ, కొత్త తారుకు ఇంకో అప్పు చేయాలి. తారు పనులు ఏ ఏడాది ఆదాయంతో ఆ ఏడాది చేసుకోవాలి.

ఇంకో మాట. అంచనా కాగితం చేతికొస్తే మొత్తం అంకె చూసి ఆగిపోకండి, లోపలి పద్దులు చూడండి. రోడ్డు వెడల్పు పనిలో రోడ్డుకయ్యే ఖర్చు చాలాసార్లు చిన్న భాగమే. భూసేకరణ, కరెంటు స్తంభాలు, నీటి పైపులు, కేబుళ్ల తరలింపు, వాన నీటి డ్రెయిన్లు, ఇవే మింగేస్తాయి. తవ్వితే డ్రాయింగ్‌లో లేని పైపు బయటపడుతుంది. అది ఏ శాఖదో తేలేదాకా జేసీబీ పక్కన పెట్టి కూర్చోవాలి. కాంట్రాక్టరు ఆ రోజులకు క్లెయిమ్ వేస్తాడు. కింద ఏముందో తెలియడానికి ముందుగా ట్రయల్ పిట్లు (పరీక్ష గోతులు) తవ్వి చూశారా, అనుకోని ఖర్చులకు ఎంత శాతం పెట్టారు అని అడగండి. అక్కడ తక్కువ పెట్టిన అంచనా కాగితం మీద అందంగా కనిపిస్తుంది, పని సగంలో ఉండగా డబ్బు అయిపోతుంది.

వీధిమలుపు

ధన్యవాదాలు సార్. గ్రాంటు సంగతి కూడా చెప్పండి. పైవాళ్లు ఇచ్చేది ఉచితమే కదా అని మా వాళ్లంతా దాని మీదే ఆశ పెట్టుకున్నారు.

రోడ్డింజినీరు

గ్రాంటు మంచిదే, కానీ ఊరికే రాదు. స్థానిక వాటా కట్టమంటారు. చాలా పథకాల్లో ముందు మీరు ఖర్చుపెట్టి బిల్లులు పంపితే తర్వాత తిరిగి ఇస్తారు, ఆ మధ్య కాలానికి మున్సిపాలిటీ మళ్లీ అప్పు వెతుక్కోవాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు, గ్రాంటు కొత్త నిర్మాణానికి దొరికినంత సులువుగా మరమ్మతుకు దొరకదు. అమెరికాలో 1956 చట్టంతో అంతర్‌రాష్ట్ర రహదారుల నిర్మాణ ఖర్చులో 90 శాతం కేంద్రం భరించింది. పది శాతానికే హైవే వస్తుందంటే ఎవరు వద్దంటారు? నగరాల నడిబొడ్డు నుంచి వాటిని తీసుకెళ్లారు. తర్వాత వాటి పోషణ బాధ్యత రాష్ట్రాలకు, వాటివల్ల విడిపోయిన పేటల సమస్య స్థానికులకు మిగిలాయి. తన డబ్బే అయితే నగరం ఏ పని ముందు చేసేదో, పరాయి డబ్బు వస్తుందంటే ఆ వరుస మారిపోతుంది. పాత రోడ్లకు గుంతలు పూడ్చే డబ్బు లేని మున్సిపాలిటీ కొత్త ఫ్లైఓవర్‌కు శంకుస్థాపన చేయడం వెనక తరచూ ఇదే ఉంటుంది.

మూలమీదిల్లు

నాది సరిగ్గా ఇలాంటి రోడ్డు మూల మీద ఇల్లు. స్థలం విలువ పెరుగుతుంది కాబట్టి కట్టమని మాకూ నోటీసు ఇచ్చారు. నేను ఇల్లు అమ్మడం లేదు. పెరిగిన విలువ కాగితం మీదే ఉంది, నా చేతికి రూపాయి రాలేదు. పైగా పని జరిగినన్నాళ్లూ గేటు ముందు కందకం, దుమ్ము, కింద షాపులో అద్దెకున్నతను ఖాళీ చేసి వెళ్లిపోయాడు. రోడ్డు మీద పోయేది ఊరంతా, కట్టేది మేమా? ఇది ఏ రకం న్యాయం?

పటంగీసేమనిషి

మూలమీదిల్లు గారూ, మీ బాధ నిజమైనదే. ఈ పద్ధతి సరిగ్గా నడిపినచోట మీలాంటివాళ్ల కోసమే కొన్ని ఏర్పాట్లు ఉంటాయి. నేను పట్టణ ప్రణాళికలో పనిచేస్తాను, నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయం ఉంది, కాస్త వివరంగా రాస్తాను.

కొలంబియాలో దీనికి 1921లోనే చట్టం వచ్చింది. అక్కడ వాలొరిజాసియోన్ అంటారు. రాజధాని బొగోటాలో ఎన్నో వీధులు, వంతెనలు ఈ డబ్బుతోనే కట్టారు. ముందు ఒక ప్రభావ ప్రాంతం గీస్తారు. రోడ్డుకు ఎంత దూరం, అది ఇల్లా దుకాణమా, ఆ ఇంటివాళ్ల స్తోమత ఎంత అని చూసి వాటాలు వేస్తారు. పేద పేటలకు తక్కువ పడుతుంది. వాయిదాల్లో కట్టుకోవచ్చు.

లండన్‌లో క్రాస్‌రైల్ అనే కొత్త రైలు మార్గం కోసం ఇంకో దారి పట్టారు. 2010 ఏప్రిల్ నుంచి పెద్ద వ్యాపార భవనాల మీద, పన్ను లెక్కించే విలువలో పౌండుకు 2 పెన్నీల అదనపు సుంకం వేశారు. మొదట్లో 55,000 పౌండ్ల విలువ దాటిన వాటికే అది వర్తించింది. చిన్న దుకాణాలు, ఇళ్లు అందులో లేవు. ఎవరికి కట్టే శక్తి ఉందో, ఎవరికి లాభం స్పష్టంగా ఉందో అక్కడే గీత గీశారు.

డబ్బు బదులు భూమే తీసుకునే పద్ధతి కూడా పాతదే. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ కోసం 1902లో ఒక చట్టం తెచ్చారు, అప్పటి మేయర్ ఆడికెస్ పట్టుబట్టి సాధించింది. కమతాలన్నీ ఒకచోట కలిపి, రోడ్లకు కావలసింది తీసి, మిగిలింది అందరికీ సక్రమమైన ప్లాట్లుగా తిరిగి ఇస్తారు. స్థలం తగ్గుతుంది, రోడ్డు మీదికి వచ్చిన స్థలం కాబట్టి విలువ పెరుగుతుంది. జపాన్‌లో 1923 భూకంపం తర్వాత టోక్యోను పునర్నిర్మించడానికి ఇదే వాడారు. అహ్మదాబాద్ చుట్టూ 76 కిలోమీటర్ల రింగురోడ్డుకు భూమి కూడా ఎక్కువగా ఇదే తరహాలో నడిచే టౌన్ ప్లానింగ్ స్కీముల ద్వారానే సమకూరింది. బలవంతంగా సేకరించి కోర్టుల చుట్టూ తిరగాల్సిన పని చాలావరకు తప్పింది.

మా వృత్తిలో అందరూ ఒప్పుకోకపోవచ్చు గానీ, నా మాట ఇది: రోడ్డు వేయగానే పక్క స్థలాల ధర రెట్టింపవడం, ఆ లాభంలో మున్సిపాలిటీకి ఏమీ రాకపోవడం, తర్వాత ఆ రోడ్డు బాగుకు డబ్బు లేదని చెప్పడం, ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. ఆ విలువ పుట్టించింది జనం డబ్బు.

మూలమీదిల్లు

వివరంగా రాశారు, సంతోషం. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. పెన్షన్ మీద బతికే మనిషికి విలువ పెరిగిందని చెబితే, ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు?

పటంగీసేమనిషి

దానికి వాయిదా పద్ధతి ఉంది. చాలాచోట్ల పెద్దవయసు వాళ్లు, తక్కువ ఆదాయం వాళ్లు తాము ఉన్నన్నాళ్లు కట్టకుండా, ఇల్లు అమ్మినప్పుడో చేతులు మారినప్పుడో కట్టేలా ఆస్తి మీద బాకీ నమోదు చేస్తారు. మీకు వచ్చిన నోటీసులో ఆ అవకాశం లేకపోతే అభ్యంతరం రాసి ఇవ్వండి. అలాగే పని జరిగే కాలంలో వ్యాపారం పోయినవాళ్లకు సుంకం మాఫీ చేయాలని అడగడం కూడా న్యాయమే.

మరో దారి, కొత్తగా కట్టేవాళ్ల దగ్గర తీసుకోవడం. బ్రెజిల్‌లోని సావోపాలో నగరం అదనపు నిర్మాణ హక్కులను సర్టిఫికెట్లుగా చేసి వేలం వేస్తుంది. సెపాక్ అంటారు వాటిని, 2004 నుంచి అమ్ముతున్నారు. ఎత్తుగా కట్టాలంటే కొనాలి. ఆ డబ్బు ఆ ప్రాంతంలోనే ఖర్చుపెట్టాలి. 2008లో అక్కడ తెరిచిన పెద్ద తీగల వంతెనకు ఈ డబ్బే వాడారు. ఇప్పటికే ఉన్న ఇంటివాళ్ల మీద దీని భారం పడదు.

వడ్డీలెక్క

బాగుంది. అయితే రాబోయే విలువను నమ్ముకుని ఇప్పుడే అప్పు చేయడంలో ఒక ప్రమాదం ఉంది, అదీ చెప్పాలి. న్యూయార్క్‌లో 7వ నంబరు సబ్‌వే (భూగర్భ రైలు) లైనును హడ్సన్ యార్డ్స్ అనే ప్రాంతం దాకా పొడిగించారు, 2015లో తెరిచారు. అయిన ఖర్చు సుమారు 240 కోట్ల డాలర్లు. అక్కడ లేవబోయే భవనాల నుంచి వచ్చే పన్ను మీద నమ్మకంతో బాండ్లు అమ్మారు. భవనాలు అనుకున్నంత త్వరగా లేవలేదు. ఆ మధ్య ఏళ్లలో వడ్డీకి నగర ఖజానా నుంచే కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. తర్వాత ఆదాయం పుంజుకుంది, నిజమే. న్యూయార్క్ ఖజానా పెద్దది, తట్టుకుంది. చిన్న మున్సిపాలిటీకి ఆ నాలుగేళ్లు చాలు, జీతాలు ఆగిపోవడానికి.

లారీఓనర్

అందరూ మర్చిపోతున్న విషయం ఒకటుంది. మేం డీజిల్ పోయించుకున్న ప్రతిసారీ పన్ను కడుతున్నాం. బండికి పన్ను, పర్మిట్‌కు ఫీజు, టోల్ వేరే. రోడ్డుకు మేం కట్టాల్సింది ఎప్పుడో కట్టేశాం. ఆ డబ్బు ఏమైందో ముందు చెప్పి, తర్వాత కొత్త పన్నుల మాట ఎత్తండి.

రోడ్డింజినీరు

అన్నా, మీ ప్రశ్న సరైనదే. ఇంధన పన్ను చాలా దేశాల్లో పై ప్రభుత్వాలకు పోతుంది. మీ బండి తిరిగే వీధి మున్సిపాలిటీది, పన్ను పోయే ఖజానా వేరు. అక్కడ మీతో నాకు తగువు లేదు.

ఇంధన పన్నుకు ఉన్న జబ్బు ఇంకోటి. రోడ్ల కోసం దీన్ని అమెరికాలో మొదట వేసింది ఒరెగాన్ రాష్ట్రం, 1919లో, గ్యాలన్‌కు ఒక సెంటు. ఇప్పుడు అక్కడి కేంద్ర పన్ను గ్యాలన్ పెట్రోలుకు 18.4 సెంట్లు. 1993 నుంచి అది మారలేదు. తారు, స్టీలు, కూలి అన్నీ పెరిగాయి. బండ్ల మైలేజీ పెరిగింది. ఎలక్ట్రిక్ బండి అసలు కట్టదు. అందుకే ఒరెగానే 2015లో మైళ్ల లెక్కన వసూలు చేసే పద్ధతి మొదలుపెట్టింది. న్యూజిలాండ్ డీజిల్ బండ్ల దగ్గర ఎన్నో ఏళ్లుగా దూరం, బరువు చూసి తీసుకుంటోంది, 2024 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లనూ చేర్చింది.

ఇక బరువు మాట. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒటావా అనే ఊరి దగ్గర ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద లోడు లారీలు తిప్పి చూశారు. రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు మీది బరువుకు సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. అంటే ఇరుసు మీద రెట్టింపు బరువు పడితే నష్టం దాదాపు పదహారు రెట్లు. కారు వాడు రోడ్డు స్థలాన్ని తింటాడు, ఓవర్‌లోడ్ లారీ రోడ్డునే తింటుంది. ఇరుసులు ఎక్కువున్న బండికి తక్కువ రేటు పెడితే మీకూ లాభం, రోడ్డుకూ మేలు.

లారీఓనర్

ఇరుసుల లెక్కన రేటు పెడితే నాకు అభ్యంతరం లేదు సార్. ఓవర్‌లోడ్ వేసేవాడూ నేనూ ఒకే రేటు కట్టడమే నాకు మంట.

బస్సుసీటు

నాకు కారు లేదు, బండి లేదు. రోజూ బస్సే. వస్తువు కొన్న ప్రతిసారీ పన్ను కడతాను, అది ఫ్లైఓవర్‌కు పోతే దాని మీద బస్సు కూడా ఎక్కదు. మా సంగతి ఎవరు చూస్తారండి?

పటంగీసేమనిషి

మీరు అడిగింది చాలా ముఖ్యం. అమ్మకపు పన్ను పేదవాళ్ల మీదే ఎక్కువ బరువు వేస్తుంది. అందుకని ఆ డబ్బు దేనికి ఎంత పోవాలో ముందే రాయించుకోవాలి. లాస్ ఏంజెలెస్ కౌంటీలో 2008 నవంబరులో డాలరుకు అర సెంటు అదనపు అమ్మకపు పన్నును ఓటుకు పెట్టారు. మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి, ఒప్పుకున్నారు. ముప్పై ఏళ్ల పన్ను అది. వాటాలు కాగితం మీదే ఉన్నాయి: బస్సులు నడపడానికి 20 శాతం, స్థానిక నగరాలకు నేరుగా 15 శాతం, ఇలా. గుంతలు పూడ్చుకోవడానికి చిన్న నగరాలకూ అందులో డబ్బు దొరికింది. 2016లో ఇంకో అర సెంటు కూడా జనమే గెలిపించారు.

ఫ్రాన్స్‌లో 1971లో పారిస్ ప్రాంతంలో మొదలుపెట్టి, తర్వాత మిగతా నగరాలకు విస్తరించిన పద్ధతి ఇంకోటి. ఉద్యోగులున్న సంస్థలు జీతాల మొత్తంలో ఇంత శాతమని ప్రజా రవాణాకు కట్టాలి. చిన్న సంస్థలకు మినహాయింపు. పనివాళ్లు సమయానికి చేరితే లాభపడేది యజమాని కూడా కదా అన్నది వాళ్ల వాదన. నడపడానికి ఏటా డబ్బు వస్తుంది, అదే దాని బలం. బస్సులు కొనడం పెద్ద పని కాదు, రోజూ తిప్పడమే కష్టం.

బస్సుసీటు

లండన్‌లో కార్ల దగ్గర రుసుము తీసుకుంటారట కదా?

వడ్డీలెక్క

అవునండి. 2003 ఫిబ్రవరిలో నగరం నడిబొడ్డుకు రోజుకు 5 పౌండ్లతో మొదలైంది, తర్వాత పెరుగుతూ వచ్చింది. మిగులు డబ్బు రవాణాకే వాడాలని చట్టంలో రాశారు, దాంతో బస్సులు పెరిగాయి. కానీ మొదటి ఏళ్లలో కెమెరాలు, వసూలు ఖర్చులే ఆదాయంలో పెద్ద భాగం తినేశాయి. స్టాక్‌హోమ్ ఇంకా తెలివిగా చేసింది. 2006 జనవరి నుంచి జులై దాకా ప్రయోగంగా నడిపి ఆపేసింది. ఆ ఏడు నెలల్లో రుసుము ప్రాంతం సరిహద్దు దాటే బండ్లు ఐదో వంతు దాకా తగ్గాయి. మొదట గట్టిగా వ్యతిరేకించిన జనం సెప్టెంబరు ఓటింగులో స్వల్ప మెజారిటీతో సరే అన్నారు. 2007 ఆగస్టులో శాశ్వతమైంది.

కొత్తసభ్యుడు77

ఇంత తలనొప్పి ఎందుకు? ప్రైవేటు కంపెనీకి ఇచ్చేస్తే వాళ్లే కట్టి టోల్ తీసుకుంటారు. మున్సిపాలిటీ జేబులోంచి పైసా పోదు.

వడ్డీలెక్క

సిడ్నీలో క్రాస్ సిటీ సొరంగం అలాగే కట్టారు. 2005లో తెరిచారు. రోజుకు సుమారు 90,000 బండ్లు వస్తాయని లెక్క, వచ్చినవి 30,000 దరిదాపులు. ఒప్పందం ప్రకారం పైనున్న వీధుల్లో కార్ల దారులు తగ్గించారు. టోల్ కట్టించడానికే మమ్మల్ని సొరంగంలోకి తోస్తున్నారని జనం తిరగబడ్డారు, కొన్ని మార్పులు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2006 చివరికల్లా కంపెనీ అప్పులవాళ్ల చేతిలో పడింది. ఒక విధంగా అక్కడ నష్టం పెట్టుబడి పెట్టినవాళ్లే భరించారు, జనానికి సొరంగం మిగిలింది.

షికాగోది అంతకంటే బాధాకరం. 2008 చివర్లో వీధుల్లోని పార్కింగ్ మీటర్లను 75 ఏళ్లకు ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. వచ్చింది సుమారు 115 కోట్ల డాలర్లు. ఆ హక్కు ఇంకో 97 కోట్ల డాలర్ల విలువ చేసేదని మరుసటి ఏడాది నగర పాలనపై నిఘా పెట్టే అధికారి, ఇన్‌స్పెక్టర్ జనరలే నివేదిక ఇచ్చారు. వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం బడ్జెట్ లోటు పూడ్చడానికే రెండు మూడేళ్లలో అయిపోయింది. నన్ను కలచివేసే విషయం మరొకటుంది. ఆ వీధిలో బస్సు దారో సైకిల్ దారో వేయాలని మీటర్లు తీసేస్తే నగరమే ఆ సంస్థకు నష్టపరిహారం కట్టాలి. తన వీధిని తాను మార్చుకోవడానికి నగరం డబ్బు కట్టడమంటే ఏమనాలి?

కొత్తసభ్యుడు77

అంటే ప్రైవేటు అసలు వద్దంటారా?

వడ్డీలెక్క

అలా అనను. బండ్లు తగ్గితే నష్టం ఎవరిది, పక్కన ఇంకో రోడ్డు వేసుకునే స్వేచ్ఛ మున్సిపాలిటీకి ఉందా, ఒప్పందం ఎన్నేళ్లు, ఈ మూడూ చదివి మాట్లాడదాం.

వీధిమలుపు

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ప్రాజెక్టు నివేదిక సంపాదించాను. బాండ్ల కాలం 25 ఏళ్లు. తీర్చే ఆదాయం దగ్గర "ఆస్తిపన్నులో సహజ పెరుగుదల" అని రాశారు. పోషణ ఖర్చుల పేజీలో "నిబంధనల ప్రకారం" అన్న ఒక్క మాట తప్ప అంకె లేదు. ఏం అడగాలి?

వడ్డీలెక్క

ఆ సహజ పెరుగుదల ఇప్పటికే దేనికి పోతోందో అడగండి. జీతాలు, కరెంటు బిల్లులు, చెత్త సేకరణ, ఇవన్నీ ఏటా పెరుగుతాయి, ఆ పెరుగుదలే వాటికి ఆధారం. అదే డబ్బును బాండ్లకు కూడా రాస్తే ఒకే రూపాయిని రెండు చోట్ల లెక్కపెట్టినట్టు. గడిచిన పదేళ్లలో డిమాండ్ (కట్టమని లెక్కగట్టిన పన్ను) ఎంత, నిజంగా వసూలైంది ఎంత అన్న పట్టిక అడిగి తీసుకోండి. డిమాండ్ అంకె చూపించి మాట్లాడితే ఒప్పుకోవద్దు.

రోడ్డింజినీరు

పోషణ పేజీలో అంకె లేకుండా ఆమోదం ఇవ్వకూడదని రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. డ్రెయిన్ పూడిక తీయడం, పగుళ్లలో తారు నింపడం, గీతలు, సిగ్నళ్లు, వీధి దీపాల కరెంటు, ఒక్కోదానికి ఏడాదికి ఎంతో విడివిడిగా అడగండి. పగుళ్లు సమయానికి మూస్తే పోయే ఖర్చు, నీళ్లు కిందికి దిగి పునాది పొర కుళ్లాక మళ్లీ వేసే ఖర్చులో చాలా చిన్న భాగం. ఆ చిన్న పద్దే బడ్జెట్‌లో మొదట కోతకు గురవుతుంది. బస్సు దారి కాబట్టి ఇంకోటి: స్టాపుల దగ్గర బస్సు ఆగి కదిలేచోట తారు అలలు తేలుతుంది. అక్కడ కాంక్రీటు పెట్టారో లేదో డ్రాయింగ్‌లో చూడండి. మొదట ఖర్చు ఎక్కువే, కానీ పాతికేళ్ల అప్పుకు సరిపోయే ఆయుష్షు ఉన్నది దానికే.

మూలమీదిల్లు

వీధిమలుపు గారూ, మీరు వెళ్లినప్పుడు రోడ్డు పక్క ఇళ్లవాళ్లకు వాయిదా, మాఫీ విషయం కూడా లేవనెత్తండి. నేను మా దగ్గర అభ్యంతరం రాసి ఇస్తున్నాను. పటంగీసేమనిషి గారూ, ప్రభావ ప్రాంతం ఎలా గీశారో చూపించే పటం నాకు ఇవ్వాలని అడిగే హక్కు ఉంటుందా?

పటంగీసేమనిషి

మీ మీద సుంకం వేసినప్పుడు ఏ ఆధారంతో వేశారో అడగకపోతే ఎలా? తప్పకుండా అడగండి. పటంతోపాటు పని మొదలవకముందు వేసిన విలువ, ఇప్పుడు వేసిన విలువ, రెండు అంచనాలూ తీసుకోండి. మీ స్థలానికీ మీ వెనక వీధి స్థలానికీ ఒకే రేటు వేశారేమో చూడండి. ఆ కాగితాలు వచ్చాక ఇక్కడ వివరాలు పెడితే, అభ్యంతరంలో ఏం రాయాలో కలిసి చూద్దాం.